నలభై ఒకటో ప్రశ్న

పీళమేడు, కోయంబత్తూరు
9 జూన్ 2024

మామకు యోగిత నమస్కారం.

మూడేండ్ల తర్వాత రాస్తుండాను. నాయనకు మార్చిలో స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరు. అప్పుడే మీకు రాయలేదు. ఏమి జవాబు వస్తుందో అని భయం.

ఇప్పుడు రాసేది కాలేజీ పని మీద. నాయన, అమ్మ, మీరు ముగ్గురూ ఊరూరూ తిరిగి ఇక్కడి తెలుగు ఇండ్ల మాటను పట్టిన క్యాసెట్లన్నీ నాయన మా కాలేజీకి ఇచ్చేసినారు. నేను అక్కడే సర్వర్లు చూస్తుండాను కదా, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినాము. కారమడై, పొల్లాచ్చి, కంబం, అన్నీ కలిపి 412 రికార్డింగులు. ఎవరు మాట్లాడేది, ఏ ఊరు, ఏ మాటకు ఏమి అర్థం అని ఒక్కొక్కదానికీ రాసిపెట్టల్ల. నాయన మొదలుపెట్టే లోపల ఇట్లయింది. డిసెంబరులో ఇవి దాచిపెట్టిన కొట్టంతా కొత్త మెషీన్లకు మారుస్తారు. వివరం లేనివి తీసుకుపోరంట.

మన మాట చెవికి తెలిసి, తెలుగు రాసేదానికి చెయ్యి వచ్చినవాళ్ళు మీరు తప్ప ఎవరూ లేరు. చిన్నప్పుడు లీవుల్లో మదురైకి వచ్చినప్పుడు నాకు ఈ అక్షరాలు నేర్పింది మీరే. చేస్తురా మామా?

యోగిత

*

నాయక్కర్ కొత్త వీధి, మదురై
17 జూన్ 2024

చిరంజీవి యోగితకు ఆశీస్సులు.

నీ ఉత్తరం దిద్ది ఇందులోనే పెట్టాను. పదకొండు తప్పులు. 'చేస్తురా' కాదు, 'చేస్తారా' అని రాయాలి. మీ అమ్మా ఇంతే. 'పోతును', 'తింటువా', 'చూస్తువా'. మాట్లాడేటప్పుడు సరే, కాగితం మీద పెట్టేటప్పుడు భాషకు ఒక మర్యాద ఉండాలి.

మీ నాయనకు మాట పోయిందని రాశావు. ఇరవై ఆరేళ్ళ కిందట పోయి ఉంటే నాకు కొంత మేలు జరిగేది. ఇలా రాయడం పాపమని తెలుసు. అయినా కొట్టివేయను.

'ముగ్గురూ పట్టిన' అన్నావు. మీ ఇంట్లో 'మా ఇండ్ల మాట' పుస్తకం ఉంటుంది, అట్ట మీద ఎన్ని పేర్లున్నాయో చూడు. ప్రభాకరన్, ఒక్కడే. కడపటి పేజీలో, ముద్రించినవాడి విలాసం కింద, చీమ తలంత అక్షరాలతో 'ప్రూఫులు: శ్రీనివాసన్'. మీ అమ్మ పేరు అంత మాత్రం కూడా లేదు. మైకు పట్టుకుని ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నది శివకామి. మేమిద్దరం మగవాళ్ళం అడిగితే ఎవరు నోరు విప్పారు.

చూశావుగా, పై వాక్యం ప్రశ్నే. ప్రశ్నగుర్తు పెట్టలేదు. నీకు అర్థం కాలేదా. తెలుగులో ప్రశ్న మాటలోనే ఉంటుంది, ఆ కొక్కెం దొరల దగ్గర అరువు తెచ్చుకున్నది. ఆ పుస్తకం ప్రూఫుల్లో కొక్కేలన్నీ ఏరి తీసేశాను. నాకు చెప్పకుండా మీ నాయన మళ్ళీ అన్నీ పెట్టించాడు. మూడు వందల పన్నెండు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు.

పని చేస్తాను. కాలేజీ కోసం కాదు. నా దగ్గర శివకామి గొంతు లేదు. ఫోటోలు ఆరు ఉన్నాయి, అన్నింట్లోనూ నోరు మూసుకునే ఉంది. ఆ టేపుల్లో ఎక్కడో ఒకచోట నా చెల్లెలు మాట్లాడి ఉండాలి. అది ఒక్కసారి వినాలి. నాకు కావలసింది అంతే.

ఫోను చేయకు. ఫోనులో అన్న మాటను ఎవరూ దిద్దలేరు.

శ్రీనివాసన్

*

పీళమేడు
2 జూలై 2024

మామకు నమస్కారం.

మీరు దిద్దింది చూసినాను. ఇంట్లో మాట్లాడేదే చేతికి వచ్చేస్తుంది, ఏమి చేసేది. పని ఎట్ల జరుగుతుందో చెప్తాను. ('చెప్తును' అని రాసి కొట్టేసినాను, చూడండి.)

రికార్డింగులు మా దగ్గర ఒక కంప్యూటర్లో లేవు. పన్నెండు మెషీన్లు కలిసి ఒక పెద్ద కొట్టు మాదిరి. ఆ కొట్టులో అరలు లేవు, ఫోల్డర్లు లేవు. ఒక్కొక్క రికార్డింగునూ ఆబ్జెక్టు అంటాము. దానికి ఒక పేరు. ఆ పేరు సరిగ్గా చెప్పి అడిగితే కొట్టు ఇస్తుంది, ఒక అక్షరం తప్పయినా లేదంటుంది. ఒక్కొక్కదానికీ మూడు కాపీలు, మూడు వేరే వేరే మెషీన్లలో. ఒకటి కాలిపోయినా రికార్డింగు పోదు.

చిక్కు ఎక్కడంటే, ఇవన్నీ యునిక్స్ జాతి మెషీన్లు. మీ దగ్గర ఉండేది విండోసు. టేపు నిలిపి, వెనక్కు తిప్పి, పక్కనే రాసుకునే ప్రోగ్రాం ఒకటుంది, నాయన వాడేది, అది విండోసులో తప్ప నడవదు. దానికి కొట్టు భాష రాదు. సీ డ్రైవు, డీ డ్రైవు అంటేనే తెలుస్తుంది. అందుకని నడుమ ఒక వంతెన వేసినాము. మీరు దాన్ని ఎక్కించుకుంటే మా కొట్టంతా మీ కంప్యూటర్లో 'ఆర్' డ్రైవు అని కనబడుతుంది. తెరిచి వినడమే. ఎట్ల ఎక్కించేదో పక్క కాగితంలో రాసినాను. కింది పోర్షన్లో ఉండే జెబమలర్ అక్కను పిలుచుకోండి.

మీరు ఒప్పుకున్నారని నాయనకు చెప్పినాను. కండ్లు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.

యోగిత

*

మదురై
11 ఆగస్టు 2024

యోగితకు,

జెబమలర్ ఆస్పత్రి డ్యూటీకి పోయే ముందు వచ్చి నీ వంతెన ఎక్కించింది. ఆర్ డ్రైవు వచ్చింది. ముందుగా ఒక సంగతి. 'ఆబ్జెక్టు' అని రాయకు. 'వస్తువు' అని చక్కటి మాట ఉంది. నేను పంపే చీటీలన్నింటిలోనూ వస్తువు 1, వస్తువు 2 అనే రాస్తున్నాను. మీ ఆఫీసువాళ్ళు కూడా నేర్చుకుంటారు.

నెల రోజులు, రోజుకు ఆరు గంటలు విన్నాను. మొత్తం 371. వివరాలన్నీ ఈ కట్టలో ఉన్నాయి. నువ్వు చెప్పినవి 412.

శివకామి లేదు. ప్రతి టేపూ జవాబుతోనే మొదలవుతుంది. కారమడై దగ్గర ఒక ముసలమ్మ 'ఆ, దాన్ని మేము కవ్వం అంటాము' అంటుంది. ఎవరు అడిగితే అన్నది. అడిగిన గొంతును కత్తిరించేశారు. 118వ వస్తువులో గాజులు కదిలిన చప్పుడు ఉంది. అవి ఆమె గాజులే, ఆ ఏడు నేను పుదుమండపంలో కొనిచ్చిన మట్టిగాజులు. 206లో ఒక దగ్గు. ఆ దగ్గును పదిహేనుసార్లు విన్నాను. డెబ్బై తొమ్మిదేళ్ళవాణ్ణి, చెల్లెలి దగ్గు వింటూ కూర్చున్నాను.

మిగతా నలభై ఒకటి ఎక్కడ. నాకు తెలుసు. మీ నాయన దాచాడు. పుస్తకం నుంచి ఆమెను తీసేసినవాడికి టేపుల నుంచి తీసెయ్యడం ఎంత పని. నోరు పడిపోయినా ఆయన పంతం పడిపోలేదు.

శ్రీనివాసన్

*

పీళమేడు
20 ఆగస్టు 2024

మామకు,

నాయన దాచలేదు. దాచింది మీ విండోసు. దానికి కారణం చెప్తే మీరు నవ్వుతారో, నన్ను తిడతారో.

విండోసు కొన్ని గుర్తులను ఫైలు పేర్లలో ఒప్పుకోదు. నక్షత్రం, రెండు చుక్కలు, ఇట్ల తొమ్మిది ఉండాయి. వాటిలో ప్రశ్నగుర్తు ఒకటి. మా కొట్టుకు ఆ తీట లేదు, ఏ పేరు పెట్టినా తీసుకుంటుంది. నాయన మా ఆఫీసులో కూర్చుని, మా మెషీన్ల నుంచే పేర్లు పెట్టినారు. నలభై ఒక్క పేర్లకు కడాన ప్రశ్నగుర్తు ఉండాది. వంతెన వాటిని మీ పక్కకు దాటించలేక గమ్మున వదిలేసింది. తప్పు అని కూడా చెప్పలేదు. విండోసు మీ పార్టీ మామా.

ఇంకొకటి. నాయన అమ్మ ప్రశ్నలను పారేయలేదు. జవాబులను ఒక పక్క, ప్రశ్నలను ఒక పక్క కత్తిరించి పెట్టినారు. ఆ నలభై ఒకటీ అమ్మ అడిగినవే అని అనుకుంటుండాను. నేను ఏదీ తెరవలేదు. అమ్మ పోయి ఐదేండ్లయినా అమ్మ గొంతు వినే ధైర్యం నాకు రాలేదు. అందుకే చూసి చెప్పమంటే చెప్పలేను.

పేర్ల పట్టీ అచ్చువేసి పెట్టినాను. ప్రశ్నగుర్తు లేకుండా ఒక్కొక్కదానికీ కొత్త పేరు పక్కన రాయండి. ట్రయల్‌కి పెట్టి మరిచిపోయినవి ఉంటే కొట్టేయండి. మీ పట్టీని కార్తి అని మా ఆఫీసబ్బాయి మెషీనుకు ఇస్తాడు, అది చెప్పింది చెప్పినట్ల చేసేస్తుంది. కడాన ఒకటుంది, 'వస్తువా?' అని. దానికి ఊరు లేదు, తేదీ లేదు. ఏమిటిదో నాకు తెలియలేదు. మీరు చెప్తే సరి.

యోగిత

*

మదురై
29 ఆగస్టు 2024

యోగితకు,

నవ్వాను. జెబమలర్ పైకి వచ్చి ఏమైందని అడిగేంతగా నవ్వాను. ఇన్నేళ్ళకు నా మాట విన్నవాడు ఒకడు దొరికాడు, వాడు విండోసు. ఈ సంగతి మీ నాయనకు చదివి వినిపించు. 'కొక్కేలు పెట్టవద్దని ఆ రోజే చెప్పాను' అని నా మాటగా చెప్పు. ఆయన కొక్కేల వల్లే ఆయన భార్య గొంతు నాకు రెండు నెలలు ఆలస్యమైందని కూడా చెప్పు.

పట్టీ దిద్ది పంపుతున్నాను. నలభైకీ కొత్త పేర్లు రాశాను. 'ఈ ఆకు పేరేమి?', 'నీ మొగుడి పేరు చెప్పవా?', 'అత్త పెట్టిన పేరా, అమ్మ పెట్టిన పేరా?' చదువుతుంటేనే ఆమె తల వంచి అడగడం కనబడుతుంది.

నలభై ఒకటోదాన్ని కొట్టివేశాను. 'వస్తువా?' ఆబ్జెక్టు అనే మాటకు ఎవరో నిఘంటువులో అర్థం చూసి, కొట్టు పని చేస్తుందో లేదో అని పరీక్షకు వేసిన పేరు. మన ఇండ్లలో ఏ ఆడమనిషీ ఇంకొకరిని 'వస్తువా' అని అడగదు. నువ్వు తెరిచి చూస్తే మంచిదేమో అని సందేహం రావచ్చు. అక్కర్లేదు. నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దినవాడికి ఏది మాటో ఏది చెత్తో తెలుస్తుంది. ఎర్ర సిరాతో అడ్డంగా రెండు గీతలు గీశాను, మెషీనుకు కూడా సందేహం ఉండదు.

త్వరగా పంపించు.

శ్రీనివాసన్

*

పీళమేడు
21 సెప్టెంబరు 2024

మామకు,

కార్తి మీ పట్టీని నిన్న నడిపినాడు. నలభై పేర్లు మారినాయి, ఒకటి తీసేసినాడు. ఆర్ డ్రైవు మూసి మళ్ళీ తెరవండి, కనబడతాయి. అమ్మ ఉండాదా అని మాత్రం నాకు రాయండి.

యోగిత

*

మదురై
14 అక్టోబరు 2024

యోగితకు,

ఉంది.

రోజుకు రెండు మాత్రమే వింటున్నాను, అయిపోతాయేమోనని. మొదటిది పొల్లాచ్చి సంతలో. 'అక్కా, నువ్వు ఎండు కొబ్బరిని ఏమంటువు?' అని అడుగుతుంది. గొంతు నేను అనుకున్నదానికంటే సన్నగా ఉంది. నా జ్ఞాపకంలో కొంచెం లావైపోయింది.

కంబంలో ద్రాక్షతోట దగ్గర వీరాయి అనే ఆమెతో మాట్లాడింది ఉంది. మొగుడి పేరు చెప్పమంటే వీరాయి చెప్పదు. నోటితో అనకూడదంటుంది. మీ అమ్మ వదలదు. కడకు వీరాయి 'శబరిమల మీద ఉండే సామి పేరు' అంటుంది. మీ అమ్మ వెంటనే, 'అట్లయితే మణికండనా. మీ ఆయన్ను చూసేదానికి మేము మాల వేసుకుని రావల్నా?' అంటుంది. తోటంతా నవ్వు. వెనకాల ఇద్దరు మగవాళ్ళు నవ్వుతున్నారు. ఒక నవ్వు నాది. రెండోది ఎవరిదో నీకు తెలుసు. ఆ రెండింటినీ విడదీయడానికి ప్రయత్నించాను, కుదరలేదు.

నీకు ఇదివరకు చెప్పని సంగతి ఒకటి ఉంది. పెళ్ళయిన కొత్తలో శివకామి నాకు నెలనెలా ఉత్తరం రాసేది. నేను దిద్ది తిప్పి పంపేవాణ్ణి, నీకు పంపినట్టే. నాలుగేళ్ళ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. తీరిక లేదేమో అనుకున్నాను.

ఇంకొకటి. ఆమె ఆస్పత్రిలో ఉందని తెలిసినప్పుడు నేను రాలేదని మీరంతా అనుకుంటారు. బయల్దేరాను. ధారాపురం దాకా వచ్చాను. దారి పొడుగునా మీ నాయనతో ఏమనాలో కూర్చుకుంటూ వచ్చాను. ఆ వాక్యాలు ఎంత బాగా కుదిరాయంటే, ధారాపురం వచ్చేసరికి కోపం పట్టలేక దిగి, ఎదురు బస్సు ఎక్కాను. ఆమె నన్ను అడిగిందో లేదో కూడా నాకు తెలియదు. అడిగి ఉండదు. అలిగి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళనందరినీ అడిగింది, నన్ను ఏమీ అడగలేదు.

నువ్వు కూడా విను. ధైర్యం తర్వాత వస్తుంది.

శ్రీనివాసన్

*

పీళమేడు
6 నవంబరు 2024

మామకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేసినాను. తప్పులుంటే ఉండనీండి.

పోయిన ఆదివారం నాయన పక్కన కూర్చుని, మీరు దిద్దిన పట్టీని ఒక్కొక్క పేరూ చదివి వినిపించినాను. నేను తెలుగు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కునే చదివేది. కడాన దానికి వచ్చినాను. 'వ, స్తు, వా' అని కూర్చి, ప్రశ్నగుర్తు ఉండాది కదా అని గొంతు పైకెత్తి చదివినాను.

'వస్తువా?'

నా నోటి నుంచి వచ్చినాకనే నా చెవికి తెలిసింది. మామా, అది సామాను కాదు. 'నువ్వు వస్తావా' అని. రోజూ సాయంత్రం నేను కాలేజీ నుంచి ఫోను చేస్తే అమ్మ మొదట అడిగే మాట అది. నేను కాగితం మీద ఆ మాటను ఎప్పుడూ చూడలేదు. మీరు చెప్పిన 'వస్తువు' తలలో కూర్చుని ఉండె. దాన్నే చదివినాను.

నాయన మీ ఎర్ర గీతలు చూసినారు. ఎడమ చేత్తో మంచాన్ని కొట్టినారు, ఆపలేదు. తర్వాత పెన్ను అడిగినారు. మూడు దినాలు రాసినారు. ఆ కాగితం దీంతో పెట్టినాను.

ఆఫీసుకు పోయి కార్తితో కలిసి వెతికినాను. తీసేసినవి కొన్నాళ్ళు దాచే ఏర్పాటు మా కొట్టుకు లేదు, స్థలం చాలదని పెట్టలేదు. పోకుండా ఉండేదానికే మూడు మెషీన్లలో మూడు కాపీలు. పొమ్మని ఒక్కసారి చెప్తే మూడింట్లోనూ పోతుంది. ఆ తావులో ఇప్పుడు వేరే ఏమేమో వచ్చి కూర్చున్నాయి. నాయన దాన్ని పట్టిన పాత ఫోను కూడా ఎప్పుడో మార్చేసినారు.

పట్టీ పంపింది నేను. తెరిచి వినకుండా పంపింది నేను. మీ మీద ఒక్కరి మీదనే వేసుకోవద్దు.

యోగిత

(దీనితో పాటు ఉన్న కాగితం)

బావా,

ఎడమ చెయ్యి. మెల్లగా రాస్తుండాను.

ఆస్పత్రిలో, నా ఫోనులో పట్టింది. నాలుగు నిమిషాలు. నీకు పంపమని చెప్పి మాట్లాడింది. నాకు గుర్తుండేది ఇంతే.

'వస్తువా? అన్నా, నిన్నే. నీ ఎర్ర పేనా ఇంట్లో పెట్టేసి రా. నేను తప్పుగానే పలుకుతును. నువ్వు దిద్దకుండా విను.'

తర్వాత మీ చిన్నప్పటి సంగతి ఏదో చెప్పి నవ్వింది. అది నాకు గుర్తులేదు. ఎంత తలచుకున్నా రాలేదు.

అప్పుడు నీకు పంపలేదు. నువ్వు రాలేదని రోషం. తర్వాత సిగ్గు. ఎప్పటికైనా ఈ టేపులు వినేదానికి నిన్నే పిలుస్తారని తెలుసు. అందుకే అన్నింటికీ కడాన అక్కడ పెట్టినాను.

ఇంకొకటి. పుస్తకంలో గుర్తులు తిరిగి పెట్టించింది నేను కాదు. శివకామి. 'పేరు లేకుంటే పోనీ, అడిగింది నేనని తెలియల్ల' అనింది. నీకు చెప్పొద్దనింది. నువ్వు ఆమె మీద కోపం చేస్తువని.

ప్రభాకరన్

*

మదురై
15 నవంబరు 2024

బావకు,

మీ కాగితం అందింది. దిద్దడానికి అందులో ఏమీ లేదు.

'మా ఇండ్ల మాట' తీసి మూడు వందల పన్నెండూ మళ్ళీ చూశాను. ఇరవై ఆరేళ్ళు అవి మీరు నా మీద పెట్టిన కొక్కేలు అనుకున్నాను. నా చెల్లెలు తన పేరుకు బదులు పెట్టుకున్న సంతకం అది. ఒక్క చోట విడవకుండా పెట్టుకుంది. నేను తీసెయ్యబోయాను. పుస్తకంలో కుదరలేదు. కొట్టులో కుదిరింది.

నలభై ఏళ్ళు చదివాను బావా. రెండు భాషల పుస్తకాలు ఈ గదిలో పట్టక మెట్ల మీద పెట్టాను. మా అమ్మ నోట, మా అవ్వ నోట, ఆమె నోట పుట్టినప్పటి నుంచి విన్న మాట కాగితం మీద కనబడితే పోల్చుకోలేకపోయాను. దానికి అర్థం నిఘంటువులో వెతికాను. ఆడమనిషి ఎవరూ అలా అడగదని రాశాను. ఆ ఉత్తరం యోగిత దగ్గర ఉంటుంది. చించవద్దని చెప్పండి.

ఆమె చెప్పి నవ్విన ఆ చిన్నప్పటి సంగతి ఏమై ఉంటుందా అని నాలుగు రోజులుగా అదే పని. ఆవణిమూల వీధి దగ్గర గొడుగు పోగొట్టుకున్నదా. నేను వైగై ఇసుకలో చెప్పులు పూడ్చి చోటు మరిచిపోయినదా. ఇంకా ఆరేడు ఉన్నాయి. అన్నీ మీకు చెప్తాను. వింటే మీకు గుర్తు రావచ్చు, తల ఊపితే చాలు. ఏదీ కాకపోతే అన్నింటినీ ఉంచుకుందాం.

మీకు మాట పోయిందని తెలిసిన దినాన నేను రాసిన వాక్యం ఒకటి యోగిత దగ్గర ఉంది. దాన్ని ఆ రోజు కొట్టివేయనన్నాను. కొట్టివేయవలసింది అది ఒక్కటే.

సోమవారం ఉదయం బస్సు. ధారాపురంలో దిగను. సింగానల్లూరు స్టాండుకు యోగితను రమ్మనండి. ఎర్ర పేనా బల్ల మీదే ఉంది, అక్కడే ఉంటుంది.

శివకామి అడిగినదానికి ఐదేళ్ళు ఆలస్యంగా జవాబు రాస్తున్నాను. ఇది వినవలసిన మనిషి లేదు గనుక మీకు రాస్తున్నాను. మీ మంచం పక్కన కూర్చుని యోగితను పైకి చదవమనండి. ఎవరూ దిద్దవద్దు.

వస్తును.

శ్రీనివాసన్